మురీకీ కోతుల సమాజం – నాలుగు దశాబ్దాల క్షేత్రపరిశోధన: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

బ్రెజిల్ దేశపు అట్లాంటిక్ అడవుల్లో నివసించే ఉత్తర మురీకీ కోతి నేడు అంతరించిపోయే తీవ్ర ప్రమాదాన్ని ఎదుర్కొంటున్న ప్రాణి. మీనాస్ జెరైస్ రాష్ట్రంలో కరాటింగా పట్టణానికి సమీపాన, ఒక కాఫీ తోటకు చెందిన చిన్న అడవిలో 1982లో మొదలైన మురీకీల అధ్యయనం నాలుగు దశాబ్దాలకు పైగా సాగింది. ఆ పరిశోధన చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలి సంవత్సరాల్లో జాతి స్వభావంగా కనిపించిన కొన్ని లక్షణాలు గుంపు పరిమాణాన్నీ పరిసరాలనూ బట్టి మారేవని తరువాత తేలింది. మరికొన్ని లక్షణాలు మార్పుల నడుమ స్థిరంగా నిలిచాయి. స్వభావమేదో, సందర్భమేదో వేరు చేసి చూడగల శక్తి ఈ పరిశోధనకు దాని కాలవ్యవధి వల్లనే లభించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మురీకీ, వానరశాస్త్రం, దీర్ఘకాలిక క్షేత్రపరిశోధన, సామాజిక ప్రవర్తన, కరాటింగా, కారెన్ స్ట్రయర్, జీవజాతి సంరక్షణ.

1. ఉపోద్ఘాతం:

కోతుల సమాజం అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది కిష్కింధ. అన్నదమ్ములైన వాలి సుగ్రీవుల వైరం, సింహాసనం కోసం పోరు, గెలిచినవానికే రాజ్యం దక్కడం మనకు చిరపరిచితమైన కథాచట్రం. ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగంలో ఆధునిక వానరశాస్త్రం నిర్మించుకున్న నమూనా కూడా దీనికి ఎంతో దూరంలో లేదు. బలవంతుడైన మగకోతి, అతని ఆధిపత్యం, దానికోసం నిరంతర స్పర్ధ అన్నవే ఆ నమూనాకు మూలస్తంభాలు.

ఈ చట్రంలో ఇమడని కోతి మురీకీ. మగకోతులు ఒకదానితో ఒకటి కలహించవు. ఆడకోతులపై అధికారం చెలాయించవు. కొమ్మలకు తోకతో వేలాడుతూ ఒకదానినొకటి కౌగిలించుకుంటాయి. ఈ వర్ణన ఇప్పుడు పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిపోయింది. అయితే ఒక జాతి గురించి ఇటువంటి మాట ఎవరు, ఎంతకాలం, ఎన్ని కోతులను చూసి చెప్పారన్నది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న. కరాటింగా పరిశోధనను ఆ ప్రశ్నతో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో మురీకీల జీవశాస్త్ర వివరాలకన్నా, ఆ వివరాలు జ్ఞానంగా రూపొందిన క్రమానికే ప్రాధాన్యం ఇవ్వడమైనది.

2. పూర్వరంగం – బబూన్ నమూనా, కొండముచ్చుల వివాదం:

సహజ ఆవాసంలో కోతుల ప్రవర్తనను పద్ధతి ప్రకారం పరిశీలించడం 1930వ దశకంలో ఆరంభమైంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో హౌలర్ కోతులను పరిశీలించి సి. ఆర్. కార్పెంటర్ 1934లో ప్రచురించిన అధ్యయనం ఈ మార్గానికి నాంది. యుద్ధానంతరం జపాన్‌లో కింజి ఇమానిషి బృందం ప్రతి కోతినీ విడిగా గుర్తించి, పేరు పెట్టి, తరాల వెంబడి అనుసరించే పద్ధతిని అభివృద్ధి చేసింది. 1960లో జేన్ గూడాల్ టాంజానియాలోని గోంబేలో చింపాంజీల అధ్యయనం మొదలుపెట్టారు. పరిశీలకుని దృష్టికి ఆకర్షణీయంగా తోచిన ఘటనలను మాత్రమే నమోదు చేస్తే లెక్కలు వక్రిస్తాయని, పరిశీలనకు కచ్చితమైన నియమాలు అవసరమని జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఒక వ్యాసంలో నిరూపించారు. ఈ విధంగా 1980 నాటికి పద్ధతి సిద్ధమై ఉంది.

సిద్ధాంతరంగంలో మాత్రం బబూన్‌లదే పైచేయి. షెర్వుడ్ వాష్‌బర్న్, ఇర్వెన్ డివోర్‌లు తూర్పు ఆఫ్రికా గడ్డిమైదానాల బబూన్‌లను ఆదిమానవ సమాజానికి ఉపమానంగా తీసుకున్నారు. మగవాటి ఆధిపత్యక్రమమే గుంపును నిలబెడుతుందన్న అభిప్రాయం దీనితో బలపడింది. బబూన్‌లలోనూ మకాక్‌లలోనూ ఆడకోతులు పుట్టిన గుంపులోనే ఉండిపోతాయి, మగవి యుక్తవయసులో బయటికి వెళతాయి. ఈ ఏర్పాటే ప్రైమేట్ల సామాన్య లక్షణమని చాలామంది భావించారు.

ఒక చోట, ఒక కాలంలో చూసినదాన్ని జాతి స్వభావంగా ప్రకటించడంలోని చిక్కు మన దేశపు కొండముచ్చుల విషయంలోనే బయటపడింది. 1950ల చివర ఉత్తర, మధ్య భారతాల్లో కొండముచ్చులను పరిశీలించిన ఫిలిస్ జే వాటి జీవితాన్ని ప్రశాంతమైనదిగా వర్ణించారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే కర్ణాటకలోని ధార్వాడ్ ప్రాంతంలో పనిచేసిన యుకిమారు సుగియామా, గుంపును ఆక్రమించిన కొత్త మగది పసికూనలను చంపడాన్ని నమోదు చేశారు. 1970వ దశకంలో ఆబూ పర్వతం వద్ద పరిశోధన చేసిన సారా హర్డీ, ఈ శిశుహత్య మగవాటి సంతానోత్పత్తి వ్యూహమని వాదించారు. అది జనసాంద్రత పెరగడం వల్ల కలిగిన వికృతి మాత్రమేనని మరికొందరు ప్రతివాదం చేశారు. కొండముచ్చు శాంతజీవియా, హింసాజీవియా అన్న ప్రశ్నకు రెండు మూడేళ్ల క్షేత్రపర్యటనలు తుది సమాధానం ఇవ్వలేకపోయాయి. కరాటింగాలో మురీకీలపై పని మొదలయ్యే నాటికి శాస్త్రరంగంలో ఉన్న వాతావరణం ఇది.

3. అడవి, కాఫీ తోట, కోతులు:

మురీకీ అమెరికా ఖండాల కోతులన్నింటిలోకీ పెద్దది. లేత గోధుమరంగు ఒళ్ళు, పొడవైన చేతులు, కొమ్మను పట్టి శరీర భారాన్ని మోయగల తోక దాని ఆకార విశేషాలు. నల్లని ముఖం కారణంగా స్థానికులు దానిని 'బొగ్గులు కాల్చే కోతి' అన్న అర్థం వచ్చే పోర్చుగీసు పేరుతోనూ పిలుస్తారు. 'మురీకీ' అన్నది ఆదివాసుల భాష నుంచి వచ్చిన పేరు. యూరోపియన్ శాస్త్రలోకం ఈ కోతికి 1806లో నామకరణం చేసింది. 1815–17 నడుమ బ్రెజిల్‌లో పర్యటించిన జర్మన్ రాకుమారుడు మాక్సిమిలియన్ సేకరించిన నమూనా ఆధారంగా 1820లో ఉత్తర ప్రాంతపు రూపానికి వేరే పేరు ఇచ్చారు. అయినా చాలాకాలం రెండింటినీ ఒకే జాతిగా లెక్కించారు. ఉత్తర, దక్షిణ మురీకీలు వేర్వేరు జాతులన్న అభిప్రాయం ఇరవయ్యో శతాబ్దం చివరికి గాని స్థిరపడలేదు.

ఈ కోతుల ఆవాసమైన అట్లాంటిక్ అడవి బ్రెజిల్ తూర్పు తీరం పొడవునా విస్తరించి ఉండేది. బ్రెజిల్‌వుడ్ కలప, చెరకు, బంగారం, కాఫీ, పశువుల మేత – ఇలా ఒక్కొక్క శతాబ్దంలో ఒక్కొక్క ఆర్థిక అవసరం ఆ అడవిని తినివేసింది. మిగిలినది చిన్న చిన్న ముక్కలు. మాంసం కోసం సాగిన వేట దీనికి తోడైంది. 1971లో బ్రెజిల్ పరిశోధకుడు ఆల్వారో అగిర్రే ప్రచురించిన సర్వే మురీకీల చరిత్రలో ముఖ్యమైన పత్రం. పోర్చుగీసువారు అడుగుపెట్టిన నాటికి సుమారు 4,00,000గా ఉండిన మురీకీలు తన కాలానికి 3,000 దరిదాపులకు పడిపోయాయని ఆయన అంచనా వేశారు.

ఇటువంటి స్థితిలో కరాటింగా సమీపాన ఒక అడవి ముక్క నిలిచి ఉండడానికి కారణం ఒక రైతు నిర్ణయం. ఫెలీసియానో మిగేల్ అబ్దాలా 1944లో అక్కడ భూమిని కొన్నారు. దానిలో కాఫీ పండించారు, పశువులను మేపారు. కొండలమీది అడవిని మాత్రం నరకనివ్వలేదు, కోతులను వేటాడనివ్వలేదు. 1970ల చివర జపాన్ పరిశోధకుడు అకీరా నిషిమురా, ఆ తరువాత బ్రెజిల్ శాస్త్రవేత్త సెలియో వాలే, అమెరికన్ పరిశోధకుడు రస్సెల్ మిట్టర్‌మైయర్ ఈ అడవి ప్రాముఖ్యాన్ని గుర్తించారు. 1983లో అక్కడ జీవశాస్త్ర పరిశోధనా కేంద్రం ఏర్పడింది. అబ్దాలా 2000లో మరణించారు. మరుసటి సంవత్సరం ఆయన కుటుంబం 957 హెక్టార్ల అడవిని శాశ్వత సంరక్షణ గల ప్రైవేటు అభయారణ్యంగా ప్రకటింపజేసింది. దానికి ఆయన పేరే పెట్టారు. పరిశోధన చరిత్ర రాసేటప్పుడు శాస్త్రవేత్తల పేర్లతోపాటు ఈ రైతు పేరును కూడా చేర్చవలసి ఉంటుంది. అడవి లేనిదే పరిశోధన లేదు.

4. తొలి దశ – ముఖాలను గుర్తుపట్టడం:

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న కారెన్ స్ట్రయర్ 1982లో తొలిసారి ఈ అడవికి వచ్చారు. ఆమె పర్యవేక్షకుడు ఇర్వెన్ డివోర్. బబూన్ నమూనాను ప్రతిష్ఠించిన వారిలో ఒకరైన ఆచార్యుని వద్ద శిక్షణ పొందిన విద్యార్థిని, ఆ నమూనా పరిమితులను చూపించే కోతిని ఎంచుకోవడం శాస్త్రచరిత్రలో గమనింపదగిన విషయం. 1983–84లో సిద్ధాంతగ్రంథం కోసం సుదీర్ఘ క్షేత్రకార్యం సాగించి 1986లో ఆమె డాక్టరేట్ పొందారు. ఆ తరువాత విస్కాన్సిన్–మాడిసన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, అదే అడవిలో అదే కోతుల అధ్యయనాన్ని కొనసాగించారు. తొలి దశ అనుభవాలు, ఫలితాలు 1992లో 'ఫేసెస్ ఇన్ ది ఫారెస్ట్' అన్న గ్రంథంగా వెలువడ్డాయి.

ఆ గ్రంథ శీర్షికలోని 'ముఖాలు' అన్న మాటలో పరిశోధన పద్ధతి దాగి ఉంది. ఉత్తర మురీకీల ముఖాలపై నలుపు, గులాబీ రంగుల మచ్చలు ఒక్కొక్కదానికి ఒక్కో విధంగా ఉంటాయి. కాబట్టి వాటిని పట్టి గుర్తులు వేయవలసిన అవసరం లేకపోయింది. మత్తుమందు ఇవ్వలేదు, మెడపట్టీలు కట్టలేదు, ఆహారం ఎరవేసి దగ్గరికి రప్పించలేదు. మనుషుల ఉనికికి అలవాటు పడేవరకు ఓపికతో వెంట నడవడమే మార్గమైంది. 1982లో అడవిలో రెండు గుంపులు, మొత్తం సుమారు 50 కోతులు ఉండేవి. స్ట్రయర్ అనుసరించిన మతావ్ గుంపులో దాదాపు 22 ఉన్నాయి. ప్రతి పిల్ల పుట్టుకనూ, ప్రతి మరణాన్నీ, ప్రతి రాకపోకనూ పేరుపేరునా నమోదు చేయడం అప్పుడే మొదలైంది.

తొలి దశ ఫలితాలు మూడు. మొదటిది: మురీకీ గుంపులో మగకోతులే పుట్టిన చోట ఉండిపోతాయి, ఆడపిల్లలు సుమారు ఆరేళ్ల వయసులో మరో గుంపుకు తరలిపోతాయి. అత్తవారింటికి వెళ్ళే ఆడపిల్ల తెలుగు పాఠకునికి ఇక్కడ తప్పక గుర్తుకొస్తుంది. అయితే ఆ పోలికను ఒక హద్దులోనే ఉంచాలి. మురీకీ ఆడపిల్లను పంపేవారు గాని, స్వీకరించి కట్టడి చేసేవారు గాని లేరు. అది తనంత తానే బయలుదేరుతుంది, కొత్త గుంపులో క్రమంగా చోటు సంపాదించుకుంటుంది. రెండవది: ఆడ, మగ కోతుల శరీర పరిమాణంలో చెప్పుకోదగిన తేడా లేదు, ఒకదానిపై మరొకదానికి ఆధిపత్యమూ లేదు. మూడవది: మగకోతుల నడుమ స్పష్టమైన అంతస్తుల క్రమం కనిపించలేదు. సంగమానికి సిద్ధంగా ఉన్న ఆడకోతి చుట్టూ అనేక మగకోతులు చేరినా, అవి ఒకదానినొకటి తరుముకోకపోవడాన్ని పరిశీలకులు పదేపదే నమోదు చేశారు.

1994లో స్ట్రయర్ ప్రచురించిన ఒక సమీక్షావ్యాసం ఈ ఫలితాలను సిద్ధాంతస్థాయికి తీసుకుపోయింది. 'సగటు ప్రైమేట్' అన్న భావనే ఒక మిథ్య అని అందులో ఆమె వాదించారు. బబూన్‌లు, మకాక్‌లు బాగా అధ్యయనానికి వచ్చిన జాతులు మాత్రమే, ప్రాతినిధ్యం వహించే జాతులు కావు. ఆడకోతులు పుట్టిన గుంపును విడిచి వెళ్ళే పద్ధతి, అంతకుముందు మినహాయింపుగా భావించినదానికన్నా చాలా విస్తృతంగా ఉంది.

5. కలహం లేని స్పర్ధ:

పోట్లాట లేదంటే పోటీ లేదని అర్థం కాదు. ఈ విచక్షణను నిలబెట్టింది తరువాతి రెండు దశాబ్దాల పరిశోధన. మురీకీ మగకోతుల వృషణాలు శరీర పరిమాణంతో పోలిస్తే చాలా పెద్దవి. ఒకే ఆడకోతితో అనేక మగకోతులు కలిసే జాతుల్లో ఈ లక్షణం సాధారణం. స్పర్ధ కొమ్మలపై బాహాటంగా సాగక, వీర్యకణాల స్థాయిలో సాగుతుందని దీని సూచన. చెట్ల చిటారు కొమ్మలపై వేగంగా కదలవలసిన జీవికి బరువైన దేహం ఆటంకం. మగది ఆడదానికన్నా భారీగా పెరగలేనప్పుడు బలప్రయోగానికి అవకాశం తగ్గుతుంది. దానికి తోడు, గుంపులోని మగకోతులన్నీ కలిసి పెరిగినవే, చాలావరకు బంధువులే.

ఈ వివరణను పరీక్షించడానికి కోతిని ముట్టుకోకుండానే ఆధారాలు కావలసివచ్చింది. విస్కాన్సిన్‌లో టోనీ జీగ్లర్ సహకారంతో 1990వ దశకంలో మురీకీల మలం నుంచి హార్మోన్ల స్థాయిలను కొలిచే పని మొదలైంది. ఏ ఆడకోతి ఎప్పుడు గర్భం దాల్చగల స్థితిలో ఉందో, గర్భం ఎంతకాలం మోస్తుందో దీనివల్ల తెలిసింది. గర్భధారణ కాలం ఏడు నెలలకు కొద్దిగా ఎక్కువ. ఆ మలమే తరువాత జన్యువిశ్లేషణకూ ఆధారమైంది. 2011లో వెలువడిన పితృత్వ అధ్యయనం ఈ పరిశోధనలో కీలకమైనది. మూడేళ్లలో పుట్టిన 22 పిల్లలను, వాటి 21 తల్లులను, తండ్రులు కాగల 24 మగకోతులను జన్యుపరంగా పరీక్షించగా, ఆ పిల్లలకు 13 మంది వేర్వేరు తండ్రులున్నట్లు తేలింది. అత్యధిక సంతానం పొందిన మగకోతి వాటా 18 శాతం మాత్రమే. గుంపులుగా జీవించే ఇతర ప్రైమేట్లలో కనిపించే వాటాకన్నా ఇది చాలా తక్కువ. కంటికి కనిపించిన సమానత్వం సంతానం లెక్కల్లోనూ నిజమేనని ఇరవై తొమ్మిదేళ్ల తరువాత రుజువైంది.

ఆ అధ్యయనం మరొక సంగతి కూడా బయటపెట్టింది. ఏ తండ్రీ తన తల్లివైపు దగ్గరి బంధువుతో సంతానం కనలేదు. కొడుకులు జీవితాంతం తల్లి ఉన్న గుంపులోనే ఉంటాయి కనుక, వాటి సంతానసాఫల్యంలో తల్లి, ఇతర మాతృబంధువుల ప్రభావం ఉండవచ్చునని పరిశోధకులు సూచించారు. మగవారి బంధుత్వంపై నిలిచిన సమాజంలో తల్లి పాత్ర ఇంతగా ఉండవచ్చునని ఊహించాలంటే, ఎవరి తల్లి ఎవరో తెలియాలి. అది తెలియాలంటే ఆ కొడుకు పుట్టిన రోజున అడవిలో ఎవరో ఒకరు ఉండాలి.

6. సంఖ్య పెరిగినప్పుడు:

కరాటింగా మురీకీల సంఖ్య 1982 తరువాత క్రమంగా పెరిగింది. 50 ఉన్న చోట 2010వ దశకం మధ్యకు 300 దాటాయి. గుంపులు పెద్దవై చీలిపోయాయి. 2000 తరువాతి తొలి సంవత్సరాల నుంచి అడవిలోని అన్ని గుంపులనూ నమోదు పరిధిలోకి తెచ్చారు. సంరక్షణ దృష్టితో ఇది విజయం. సామాజిక ప్రవర్తన అధ్యయనానికి ఇది మరో విధంగా విలువైనది. అదే అడవిలో, అదే జాతిలో, పలుచోట్ల అవే కోతులలో, సంఖ్య మారినప్పుడు ఏమి మారుతుందో చూసే అవకాశం లభించింది.

మారినవి అనేకం. 1980వ దశకంలో మతావ్ గుంపు అంతా కలిసికట్టుగా తిరిగేది. అదే కాలంలో సావో పాలో రాష్ట్రంలో దక్షిణ మురీకీలను పరిశీలించిన కాథరీన్ మిల్టన్ మాత్రం, అవి చిన్న చిన్న జట్లుగా విడిపోతూ మళ్ళీ కలుస్తూ ఉంటాయని 1984లో రాశారు. ఈ భేదం జాతిభేదమా, స్థలభేదమా అన్నది అప్పట్లో తేలలేదు. మతావ్ గుంపు పెద్దదైన కొద్దీ అది కూడా విడివిడి జట్లుగా తిరగడం ఆరంభించింది. ఆహారం ఒకచోట అందరికీ సరిపోనప్పుడు కలిసి తిరగడం కష్టం. ఉత్తర మురీకీ లక్షణంగా తొలుత తోచిన సంఘటితత్వం, చిన్న గుంపుకు సాధ్యమైన ఒక సౌకర్యమని ఆ విధంగా స్పష్టమైంది.

నేలపైకి దిగడం మరో మార్పు. మురీకీ పూర్తిగా వృక్షచరమని పాత అవగాహన. కరాటింగా మురీకీలు తొలుత నీళ్ళకోసమూ, నేలపైని తిండికోసమూ అప్పుడప్పుడు దిగేవి. కాలక్రమంలో నేలపై విశ్రమించడం, ఆడుకోవడం, కౌగిలించుకోవడం కూడా మొదలైంది. ఈ అలవాటు గుంపులో ఒకదాని నుంచి మరొకదానికి వ్యాపించిన క్రమాన్ని ఫెర్నాండా టబకావ్, సెర్జియో మెండెస్, స్ట్రయర్‌లు 2009లో ఒక 'సంప్రదాయ వ్యాప్తి'గా విశ్లేషించారు. నిరంతర నమోదు ఉండబట్టే దీన్ని సంప్రదాయమని గుర్తించగలిగారు. మధ్యలో ఐదేళ్లు ఖాళీ ఉండి ఉంటే, నేలపై తిరగడం ఆ కోతుల సహజ ప్రవృత్తిగానే నమోదయ్యేది.

జనాభా గతి కూడా అంచనాలను తప్పించింది. 2012లో స్ట్రయర్, ఆంథొనీ ఐవ్స్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, తొలి సంవత్సరాల్లో పుట్టిన పిల్లల్లో ఆడవి ఎక్కువ, తరువాతి కాలంలో మగవి ఎక్కువ. ఆడపిల్లలు అధికంగా పుట్టిన కాలం జనాభా వృద్ధికి ఊతమిచ్చింది. ఆ ఊపు శాశ్వతం కాదని తరువాతి లెక్కలు హెచ్చరించాయి.

ఇన్ని మార్పుల నడుమ మారనిది ఏమిటి? మగకోతుల నడుమ అంతస్తుల పోరు కరాటింగాలో తలెత్తలేదు. గుంపులు పెద్దవైనా సమానత్వం నిలిచింది. అయితే దీన్ని కూడా మొత్తం ప్రజాతికి ఆపాదించరాదని దక్షిణ మురీకీల నుంచి ఒక సాక్ష్యం వచ్చింది. మగకోతులు కూటమి కట్టి తమ గుంపులోని మరో మగకోతిపై ప్రాణాంతకంగా దాడి చేసిన ఘటనను మౌరిసియో తలేబీ, సహపరిశోధకులు 2009లో ప్రచురించారు. 'శాంతికాముక మురీకీ' అన్న మాటను ఉపయోగించేవారు ఏ జాతి, ఏ అడవి, ఏ కాలం అన్నది కూడా చెప్పవలసి ఉంటుందని ఈ ఘటన గుర్తుచేస్తుంది.

7. కరువు, ఎల్లో ఫీవర్:

2014 నుంచి ఆగ్నేయ బ్రెజిల్‌ను తీవ్రమైన వర్షాభావం పట్టి పీడించింది. 2016 చివర అదే ప్రాంతంలో ఎల్లో ఫీవర్ విజృంభించింది. అడవి దోమల ద్వారా వ్యాపించే ఈ వ్యాధికి హౌలర్ కోతులు సులభంగా బలవుతాయి. కరాటింగా అడవిలో హౌలర్ల సంఖ్య 80 శాతానికి పైగా పడిపోయింది. ఎప్పుడూ వినిపించే వాటి కూతలు వినబడకపోవడమే అక్కడ తొలి ప్రమాదసూచిక అయింది. మురీకీలలో నష్టం దాదాపు 10 శాతం. హౌలర్లతో పోలిస్తే ఇది స్వల్పమే. కానీ ప్రపంచం మొత్తంమీద సుమారు 1,000 మాత్రమే మిగిలాయని అంచనా ఉన్న జాతికి పదోవంతు నష్టం చిన్నది కాదు.

ఈ నష్టాన్ని ఇంత నిర్దిష్టంగా చెప్పగలగడం కూడా దీర్ఘకాలిక నమోదు ఫలమే. చనిపోయిన కోతి శవం దట్టమైన అడవిలో అరుదుగా దొరుకుతుంది. ప్రతి కోతినీ ముఖం చూసి గుర్తించే పరిశీలకులకు మాత్రమే ఏది కనిపించడం లేదో తెలుస్తుంది. బ్రెజిల్‌లో కొన్నిచోట్ల ప్రజలు కోతులే వ్యాధిని అంటిస్తున్నాయన్న భయంతో వాటిని చంపారు. నిజానికి కోతి ఈ వ్యాధిని మనుషులకు నేరుగా అంటించదు. అడవిలో కోతులు చనిపోతున్నాయంటే మనుషులకు టీకాలు వేయవలసిన సమయం వచ్చిందని అర్థం. అటువంటి సంక్షోభంలో పరిశోధకులు చేయగలిగిన సేవ, ఈ సంగతిని ప్రజలకు తెలియజెప్పడం.

8. పరిశోధన, సంరక్షణ – పరస్పర సంబంధం:

దీర్ఘకాలిక పరిశోధన ఒక్కరి కృషితో నిలవదు. కరాటింగాలో బ్రెజిల్ విద్యార్థులు పదుల సంఖ్యలో శిక్షణ పొందారు. ఒక్కొక్క జట్టు వచ్చి కొంతకాలం నమోదు చేసి, తరువాతి జట్టుకు ప్రతి కోతి ముఖాన్నీ పరిచయం చేసి వెళ్ళింది. వారిలో పలువురు నేడు ఆ దేశంలో పరిశోధకులుగా, సంరక్షణ సంస్థల నిర్వాహకులుగా ఉన్నారు. విదేశీ పరిశోధకులు వచ్చి సమాచారం సేకరించుకుని వెళ్ళిపోయే వలస సంప్రదాయానికి ఇది భిన్నమైన మార్గం.

పరిశోధన ఫలితాలు సంరక్షణ నిర్ణయాలకు ఆధారమైన తీరు కూడా గమనింపదగినది. తరలిపోయేవి ఆడకోతులన్న సంగతి తెలియడంతో, చిన్న అడవి ముక్కల్లో మురీకీలకు పొంచి ఉన్న అసలు ముప్పు అర్థమైంది. ఆరేళ్ల ఆడకోతి సహజ ప్రేరణతో బయలుదేరుతుంది. చుట్టూ పశువుల బీడులు, కాఫీ తోటలే ఉంటే దానికి చేరవలసిన గుంపు దొరకదు. అది తిరిగి రాక, ఎక్కడా చేరక జాతికి నష్టమౌతుంది. ఇటువంటి ఒంటరి ఆడకోతులను పట్టి మరో గుంపు సమీపంలో విడవడం, అడవి ముక్కలను చెట్ల వరుసలతో కలపడం వంటి చర్యలు ఈ అవగాహన నుంచి వచ్చినవే. మీనాస్ జెరైస్‌లోని ఇబితిపోకాలో మగకోతులు మాత్రమే మిగిలిన చోట, బయటి నుంచి ఆడకోతులను తెచ్చి కొత్త గుంపును నిలబెట్టే ప్రయత్నం కూడా సాగింది. ముట్టుకోకూడదన్న నియమంతో పెరిగిన పరిశోధన, ముట్టుకోక తప్పని చర్యలకు ఆధారం కావడం ఈ చరిత్రలోని వైరుధ్యం. ఎక్కడ చేయి చాచాలో తెలియడానికి, ఎక్కడో ఒకచోట చేయి చాచకుండా చూసి ఉండవలసి వచ్చింది.

మన పరిశోధనారంగానికి కూడా ఇందులో ఆలోచించవలసిన అంశం ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో పరిశోధక వేతనం గరిష్ఠంగా ఐదేళ్లు. ఆ వేతనం మొదలైన రోజున పుట్టిన మురీకీ ఆడపిల్ల, వేతనం ముగిసే నాటికి పుట్టిన గుంపును ఇంకా వీడి ఉండదు. దాని తొలి కాన్పు సుమారు తొమ్మిదో ఏట. కాన్పుకూ కాన్పుకూ నడుమ మూడేళ్లు. ఒక్క ఆడకోతి జీవితంలో పుట్టుక, వలస, మాతృత్వం అన్న మూడు ఘట్టాలను చూడాలంటే కనీసం రెండు సిద్ధాంతగ్రంథాల కాలం కావాలి. పరిశోధకుని గడువును బట్టి కాక, పరిశోధిస్తున్న జీవి ఆయువును బట్టి ప్రణాళిక వేయవలసిన అంశాలు కొన్ని ఉన్నాయి. జానపద గాయక కుటుంబాల పరంపర, ఒక ఊరి మాండలికంలో మార్పు, వలస కుటుంబాల బంధుత్వాలు వంటి విషయాలపై పనిచేసే తెలుగు పరిశోధకులకూ ఈ మాట వర్తిస్తుంది. ఒక విద్యార్థి వదిలిన చోటునుంచి మరో విద్యార్థి అందుకునే విధంగా క్షేత్రసమాచారాన్ని భద్రపరచే ఏర్పాటు విభాగాల స్థాయిలో ఉంటే, ఐదేళ్ల గడువు కూడా పెద్ద అడ్డంకి కాదు.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి ఈ కింది నిర్ధారణలకు రావచ్చు.

1. బబూన్ ఆధారిత ఆధిపత్య నమూనాను ప్రశ్నించడంలో కరాటింగా మురీకీల అధ్యయనం ముఖ్యపాత్ర వహించింది. మగవి ఉండిపోయి ఆడవి తరలిపోయే సమాజాలను చర్చలోకి తెచ్చింది.

2. తొలి దశలో జాతిలక్షణాలుగా తోచిన గుంపు సంఘటితత్వం, పూర్తి వృక్షచరత్వం సంఖ్యతోపాటు మారాయి. మగకోతుల నడుమ సమానత్వం కరాటింగాలో మారలేదు, జన్యుసాక్ష్యంతో బలపడింది. ఈ రెండు రకాల లక్షణాలను వేరుచేసినది కాలమే.

3. ఆ సమానత్వాన్ని ప్రజాతి మొత్తానికి విస్తరించడానికి దక్షిణ మురీకీల సాక్ష్యం అంగీకరించదు. స్థలకాలాల ప్రస్తావన లేకుండా స్వభావ నిర్ణయం చేయడం చరిత్ర దృష్ట్యా సమంజసం కాదు.

4. కోతిని తాకకుండా, ముఖాన్ని బట్టి గుర్తించే పద్ధతి నైతికంగా మేలైనది మాత్రమే కాదు. సంక్షోభ సమయంలో నష్టాన్ని కచ్చితంగా లెక్కించగలిగిన పద్ధతి కూడా అదే.

5. ఒక రైతు అడవిని నరకకపోవడం, ఒక విద్యార్థిని తిరిగి తిరిగి అక్కడికే రావడం, స్థానిక యువత ఆ పనిని అందుకోవడం అనే మూడు అంశాల కలయికతోనే ఈ పరిశోధన నిలిచింది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ నిష్ఫలమయ్యేవి.

ఉత్తర మురీకీ భవిష్యత్తు నేటికీ నిశ్చయంగా చెప్పదగిన స్థితిలో లేదు. మరో కరువో, మరో వ్యాధో చిన్న అడవిలోని చిన్న జనాభాను ఎటు తీసుకుపోతుందో ఊహించలేము. 1982 నుంచి పేరుపేరునా సాగిన నమోదు ఆ ప్రమాదాన్ని తప్పించలేకపోవచ్చు. కాని ముప్పు వచ్చినప్పుడు ఏది పోతున్నదో, ఏది మిగిలిందో, దేనిని ముందుగా కాపాడుకోవాలో చెప్పగలిగే ఆధారం మాత్రం ఆ నమోదులోనే ఉంది.